పారాబెన్లు హార్మోన్ల జోలికి వెళతాయా? జంతువుల్ని చంపకుండా తేల్చేది ఎలా?

ముఖానికి రాసుకునే క్రీమ్ డబ్బా ఒకసారి మూత తీశాక నెలల తరబడి వాడతాం. రోజూ అందులో వేలు పెడుతూనే ఉంటాం. డబ్బా ఉండేదేమో తేమగా ఉండే బాత్‌రూమ్‌లో. అయినా బూజు పట్టదు, వాసన రాదు. అందుకు కారణం అందులో కలిపే ప్రిజర్వేటివ్‌లు, అంటే సరుకు చెడిపోకుండా కాపాడే రసాయనాలు. వాటిలో బాగా ఎక్కువగా వాడినవి, బాగా ఎక్కువగా అనుమానాలకు గురైనవి పారాబెన్లు. ఇవి శరీరంలోకి వెళ్లి హార్మోన్‌లా నటిస్తాయన్న భయం ఇరవై ఏళ్లకు పైగా ఉంది.

ఇలాంటి అనుమానాన్ని తేల్చడానికి ఒకప్పుడు ఎలుకల్ని చంపడమే దారి. సౌందర్య సాధనాల కోసం అలా చేయడాన్ని యూరప్‌తో పాటు మన దేశం కూడా నిషేధించింది. మరి ఇప్పుడు ఎలా పరీక్షిస్తున్నారు? ఆ పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చు? డబ్బా మీద 'పారాబెన్ ఫ్రీ', 'క్రుయెల్టీ ఫ్రీ', 'హలాల్' అని రాసి ఉంటే దాని అర్థమేమిటి?

పారాబెన్లు ఎందుకు వాడతారు?

నీళ్లు ఉన్న చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. క్రీములు, లోషన్లు, షాంపూలు, తడి మెహందీ కోన్లు అన్నింటిలో నీరు ఉంటుంది కాబట్టి వాటికి ప్రిజర్వేటివ్ కావాలి. నూనెతోనే తయారయ్యే అత్తరుకి, పొడిగా ఉండే మెహందీ పిండికి సాధారణంగా ఆ అవసరం ఉండదు.

పారాబెన్లు పారా హైడ్రాక్సీ బెంజోయిక్ ఆమ్లం నుంచి తయారవుతాయి. 1920ల నుంచి వాడకంలో ఉన్నాయి. మిథైల్, ఇథైల్, ప్రొపైల్, బ్యూటైల్ అనే నాలుగు రకాలు ముఖ్యమైనవి. చాలా కొద్ది మోతాదుతోనే బూజును, అనేక రకాల బ్యాక్టీరియాను ఆపుతాయి. చవక, రంగు లేదు, వాసన లేదు. అందుకే మందుల కంపెనీలు కూడా వీటిని వాడతాయి. పిల్లలకు పట్టే చాలా సిరప్‌లలో ఇవి కనిపిస్తాయి.

ప్రిజర్వేటివ్ లేకపోతే ఏమవుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా పట్టిన మస్కారా కంటికి తగిలితే చూపుకే ముప్పు రావచ్చు. కాబట్టి ఇది 'రసాయనం మంచిదా, చెడ్డదా' అన్న ప్రశ్న కాదు. ఏ రసాయనం, ఎంత, ఎవరికి, ఎక్కడ రాస్తున్నాం అన్నదే అసలు ప్రశ్న.

అనుమానం ఎలా మొదలైంది?

ఈస్ట్రోజెన్ అనేది స్త్రీల శరీరంలో ముఖ్యమైన హార్మోన్. పురుషుల్లోనూ కొద్దిగా ఉంటుంది. కణంలో దానికోసం ఒక రిసెప్టర్ ఉంటుంది. రిసెప్టర్‌ని తాళం అనుకుంటే హార్మోన్ తాళంచెవి లాంటిది. చెవి తాళంలో పడగానే కణంలో కొన్ని జన్యువులు పని మొదలుపెడతాయి. బయటి నుంచి వచ్చిన రసాయనం అదే తాళంలో దూరితే, హార్మోన్ లేకపోయినా ఉన్నట్టు కణం మోసపోతుంది. లేదా ఆ రసాయనం తాళంలో ఇరుక్కుపోయి, అసలు హార్మోన్‌కి చోటు లేకుండా చేస్తుంది.

1998లో బ్రిటన్ శాస్త్రవేత్తలు మనిషి ఈస్ట్రోజెన్ రిసెప్టర్ జన్యువుని ఈస్ట్ కణాల్లో పెట్టి పారాబెన్లను పరీక్షించారు. నాలుగూ ఆ తాళాన్ని కొద్దికొద్దిగా కదిలించాయి. వాటిలో బలమైనది బ్యూటైల్ పారాబెన్. అయినా అది అసలు హార్మోన్ కంటే 10,000 రెట్లు బలహీనంగా ఉంది.

2004లో బ్రిటన్‌లోనే మరో పరిశోధన వచ్చింది. రొమ్ము గడ్డల నుంచి తీసిన 20 నమూనాల్లో పారాబెన్లు కనిపించాయి. ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. కానీ ఆ పరిశోధన పక్కనున్న ఆరోగ్యకరమైన కణజాలంతో పోల్చి చూడలేదు. పారాబెన్లే క్యాన్సర్ తెచ్చాయని కూడా అది చెప్పలేదు. ఒళ్లంతా చేరే పదార్థం గడ్డలో కూడా ఉండటం, గడ్డకి అదే కారణం కావడం రెండూ ఒకటి కాదు. ఆ తేడా చాలామందికి చేరలేదు. 'పారాబెన్ ఫ్రీ' అన్న మాట మాత్రం మార్కెట్‌లో నిలబడిపోయింది.

ఎలుకల మీద ఎలా చేసేవారు?

హార్మోన్ ప్రభావం చూడడానికి అంతర్జాతీయంగా గుర్తింపు ఉన్న జంతు పరీక్షలు ముఖ్యంగా రెండు. ఒకదానిలో ఇంకా ఎదగని ఆడ ఎలుకలకు గానీ, అండాశయాలు తీసేసిన ఆడ ఎలుకలకు గానీ కనీసం మూడు రోజులు రసాయనం ఇస్తారు. తర్వాత వాటిని చంపి గర్భసంచి తూకం వేస్తారు. బరువు పెరిగితే ఆ రసాయనం ఈస్ట్రోజెన్‌లా పని చేసిందని లెక్క. రెండోదానిలో వృషణాలు తీసేసిన మగ ఎలుకలకు పది రోజులు రసాయనం ఇస్తారు. తర్వాత పురుష హార్మోన్ మీద ఆధారపడే ఐదు అవయవాల బరువు చూస్తారు.

పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీకి శిక్ష పడిందని, దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు పట్టిన వ్యక్తికి క్షమాపణ దొరికిందని హదీసుల్లో ఉంది. వాటిని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన ఇళ్లల్లో, ముఖానికి రాసుకునే క్రీమ్ కోసం ఇదంతా అవసరమా అన్న ప్రశ్న రావడం సహజమే. సైన్స్ పరంగానూ ఇంకో ప్రశ్న ఉంది. ఎలుక మనిషి కాదు. దాని చర్మం వేరు, కాలేయం రసాయనాల్ని విరిచే వేగం వేరు.

కణాలు వెలిగితే జవాబు

ఇప్పుడు వాడే ముఖ్యమైన పరీక్షలో జంతువు బదులు ల్యాబ్‌లో పెంచిన మనిషి కణాలు ఉంటాయి. వాటిలో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉంటుంది. దానికి మిణుగురు పురుగు వెలుగుకి కారణమైన లూసిఫరేజ్ జన్యువుని జత చేస్తారు. రసాయనం తాళాన్ని తెరిస్తే ఆ జన్యువు పని చేస్తుంది. తర్వాత తగిన ద్రావణం కలిపితే కణాలు వెలుగుతాయి. యంత్రం ఆ వెలుగుని కొలుస్తుంది. ఎంత మోతాదుకి ఎంత వెలుగు వచ్చిందో చూస్తే రసాయనం బలం తెలుస్తుంది.

ఇది ఒక ల్యాబ్ సొంతంగా కనిపెట్టుకున్న ఉపాయం కాదు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2009లో 455 నంబరు మార్గదర్శకంగా దీన్ని ఆమోదించింది. ఏ ల్యాబ్ చేసినా ఒకే పద్ధతి. అసలు హార్మోన్ అయిన ఈస్ట్రడయాల్ ఇచ్చే వెలుగుని కొలబద్దగా పెట్టుకుంటారు. పరీక్షించే రసాయనం అందులో కనీసం 10 శాతం వెలుగు ఇవ్వాలి. ఆ ఫలితం మళ్లీ చేసినప్పుడు కూడా రావాలి. అప్పుడే 'పాజిటివ్' అంటారు.

ఇంత సున్నితమైన పరీక్షలో చిన్న పొరపాటు కూడా ఫలితాన్ని తారుమారు చేస్తుంది. కణాలు పెరిగే ద్రవానికి మామూలుగా కలిపే ఎర్ర రంగు, ఫీనాల్ రెడ్, తనే కొంచెం ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తిస్తుంది. అందుకే ఆ రంగు లేని ద్రవం వాడతారు. కణాలకు ఆహారంగా కలిపే సీరంలో కూడా హార్మోన్లు ఉంటాయి. దాన్ని ముందుగా బొగ్గుపొడితో శుద్ధి చేసి వాటిని తీసేస్తారు.

ఈస్ట్రోజెన్ ఒక్కటే చూస్తే సరిపోదు కాబట్టి తోడుగా వేరే పరీక్షలు కూడా ఉన్నాయి. 458 నంబరు మార్గదర్శకం పురుష హార్మోన్ రిసెప్టర్‌ని చూస్తుంది. 456 నంబరుది మనిషి అడ్రినల్ గ్రంథి గడ్డ నుంచి పెంచిన కణాలతో చేసేది. రసాయనం వల్ల ఆ కణాలు తయారుచేసే టెస్టోస్టిరాన్, ఈస్ట్రడయాల్ పెరిగాయా, తగ్గాయా అని చూస్తారు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) ఇంకో అడుగు ముందుకేసింది. ఈస్ట్రోజెన్ దారిలోని వేర్వేరు మెట్లను చూసే 18 ల్యాబ్ పరీక్షల ఫలితాలను ఒక కంప్యూటర్ నమూనాలో కలిపింది. మొదటి దశ పరిశీలనలో ఎలుక గర్భసంచి పరీక్ష బదులు దీన్ని ఒప్పుకుంటామని 2015లో ప్రకటించింది.

వెలిగినంత మాత్రాన హానికరమా?

కాదు. ఈ విషయంలో అసలు మెలిక ఇక్కడే ఉంది. కణం వెలిగిందంటే 'ఈ రసాయనం తాళాన్ని కదిలించగలదు' అని మాత్రమే అర్థం. ఒక మనిషికి, రోజువారీ వాడకంలో, అది హాని చేస్తుందా అన్నది వేరే సంగతి. మధ్యలో మూడు గడపలు దాటాలి.

మొదటిది చర్మం. రాసిందంతా లోపలికి పోదు. శస్త్రచికిత్సల్లో తీసేసిన మనిషి చర్మాన్ని గాజు పరికరంలో అమర్చి, పైన క్రీమ్ రాసి, కిందికి ఎంత దిగిందో కొలుస్తారు. 2004లో వచ్చిన ఓఈసీడీ 428 నంబరు పద్ధతి ఇదే. దీనికీ జంతువు అక్కర్లేదు.

రెండోది శరీరం విరిచేయడం. చర్మంలో, కాలేయంలో ఉండే ఎంజైములు పారాబెన్‌ని త్వరగా పారా హైడ్రాక్సీ బెంజోయిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. ఆ ఆమ్లానికి హార్మోన్ గుణం దాదాపు ఉండదు. కానీ ల్యాబ్‌లో పెంచే కణాలకు ఇలా విరిచే శక్తి తక్కువ. కాబట్టి పారాబెన్ విషయంలో కణ పరీక్ష ప్రమాదాన్ని ఎక్కువ చేసి చూపే అవకాశం ఉంది. వేరే కొన్ని రసాయనాల్లో దీనికి పూర్తిగా ఉల్టా జరుగుతుంది. లోపలికి వెళ్లాక విరిగిన ముక్కే అసలు సమస్య అవుతుంది. అప్పుడు మామూలు కణ పరీక్ష దాన్ని పట్టుకోలేదు.

మూడోది రక్తంలో నిజంగా ఎంత ఉంటుందన్నది. డెన్మార్క్‌లో 26 మంది యువకులకు 2 శాతం బ్యూటైల్ పారాబెన్ కలిపిన క్రీమ్ ఒళ్లంతా రాశారు. కొన్ని గంటల్లోనే అది రక్తంలో కనిపించింది. అంటే చర్మం పూర్తి అడ్డుగోడ కాదు. అయితే యూరప్ ఇప్పుడు అనుమతించే మోతాదు కంటే అది పది రెట్లకు పైగా ఎక్కువ.

ఒక లెక్క ఎలా వేస్తారు?

యూరప్ వినియోగదారుల భద్రతా శాస్త్రీయ కమిటీ ప్రొపైల్, బ్యూటైల్ పారాబెన్లకు హద్దు పెట్టిన లెక్క చూస్తే ఈ పద్ధతి అర్థమవుతుంది. పెద్దవాళ్లు అన్ని సౌందర్య సాధనాలూ కలిపి రోజుకు 17.4 గ్రాములు వాడతారనుకుంటారు. అన్నింటిలోనూ 0.19 శాతం పారాబెన్ ఉందనుకుంటే రోజుకు సుమారు 33 మిల్లీగ్రాములు. చర్మం గుండా 3.7 శాతం లోపలికి పోతుందనుకుంటే 1.2 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి కిలోకి 0.02 మిల్లీగ్రాములు.

ఏ ప్రభావం కనిపించని మోతాదుగా తీసుకున్నది కిలోకి 2 మిల్లీగ్రాములు. రెండింటి మధ్య తేడా సుమారు వంద రెట్లు. సాధారణంగా కోరే భద్రతా దూరం కూడా అంతే. ఆ 0.19 శాతాన్నే ఆమ్లం రూపంలో లెక్కిస్తే 0.14 శాతం అవుతుంది. 2014లో చట్టంలోకి ఎక్కిన హద్దు అదే.

ఇందులో 3.7 శాతం అన్న అంకె మనిషి చర్మంతో చేసిన ల్యాబ్ పరీక్ష నుంచి వచ్చింది. 2 మిల్లీగ్రాములు అన్న అంకె మాత్రం ఎలుక పిల్లలకు సూదితో ఎక్కించిన పాత ప్రయోగం నుంచి వచ్చింది. అంటే నేటి హద్దు వెనక కూడా ఎలుక ఉంది. 2020లో యూరప్ రసాయనాల సంస్థ బ్యూటైల్ పారాబెన్‌ని హార్మోన్లకు అడ్డుపడే పదార్థంగా గుర్తించి ప్రత్యేక జాబితాలో చేర్చినప్పుడు కూడా జంతు ప్రయోగాల సమాచారమే ముఖ్య ఆధారం.

ఆ రెండో అంకెని కూడా జంతువు లేకుండా సంపాదించడమే ఇప్పుడు జరుగుతున్న పని. కణాల్లో ఏ మోతాదు దగ్గర మార్పు మొదలవుతుందో కొలుస్తారు. రోజువారీ వాడకంలో మనిషి రక్తంలో ఎంత ఉంటుందో కంప్యూటర్ నమూనాతో అంచనా వేస్తారు. రెండింటి మధ్య దూరం బాగా ఉంటే భద్రం, దగ్గరగా ఉంటే వాడకం తగ్గించాలి. గర్భంలో శిశువు ఎదుగుదల, తరాల పాటు ఉండే సంతానోత్పత్తి ప్రభావం లాంటివి మాత్రం ఒక్క కణ పరీక్షతో తేలవు. కణ పరీక్షలకు ఇంకా అందని పెద్ద ఖాళీ అదే.

చట్టం ఏం చెబుతోంది?

యూరప్‌లో తయారైన సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం 2004లో ఆగింది. వాటిలోని పదార్థాలను పరీక్షించడం 2009లో నిషేధమైంది. 2013 మార్చి 11 నుంచి అలా పరీక్షించిన సరుకు అమ్మకం కూడా పూర్తిగా బంద్. 2014లో ఐసోప్రొపైల్, ఐసోబ్యూటైల్, ఫినైల్, బెంజైల్, పెంటైల్ అనే ఐదు పారాబెన్లను సరైన భద్రతా సమాచారం లేదని నిషేధించారు. మూడేళ్లలోపు పిల్లలకు డైపర్ కట్టే చోట రాసి వదిలేసే క్రీముల్లో ప్రొపైల్, బ్యూటైల్ పారాబెన్లు వాడకూడదన్నారు. అక్కడ చర్మం మూసుకుని ఉంటుంది, తరచూ ఒరుసుకుంటుంది, పసివాళ్ల శరీరానికి విరిచే శక్తి ఇంకా పూర్తిగా రాదు.

మన దేశంలో 2014 మే నెలలో 148-సి నిబంధన ద్వారా సౌందర్య సాధనాలకు జంతు పరీక్షలు నిషేధించారు. అదే ఏడాది 135-బి నిబంధనతో జంతువుల మీద పరీక్షించిన సరుకు దిగుమతిని ఆపారు. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ కూడా అదే దారిలో ఉన్నాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీకి చెందిన అటల్ ఇంక్యుబేషన్ సెంటర్‌లో, మనిషి కణాల ఆధారంగా చేసే పద్ధతులను ప్రోత్సహించడానికే ఒక ప్రత్యేక కేంద్రం పనిచేస్తోంది.

అలాగని జంతువు పూర్తిగా పక్కకు తప్పుకోలేదు. కణాలకు ఆహారంగా వేసే సీరం చాలాసార్లు కబేళాలో ఆవు కడుపులోని పిండం రక్తం నుంచే వస్తుంది. పురుష హార్మోన్ పరీక్షలో వాడే కణాలు మూలంలో ఒక జాతి ఎలుక అండాశయం నుంచి వచ్చినవి. కార్మికుల భద్రత పేరుతో రసాయనాల చట్టం కింద జంతు పరీక్షలు అడగవచ్చని యూరప్ కోర్టు 2023 నవంబరులో తీర్పు ఇచ్చింది. సౌందర్య సాధనాల్లో మాత్రమే వాడే పదార్థమైనా సరే మినహాయింపు లేదు.

మూడు ముద్రలు, మూడు వేరు ప్రశ్నలు

'క్రుయెల్టీ ఫ్రీ' అంటే జంతువుల్ని హింసించలేదన్న మాట. హార్మోన్ల విషయంలో భద్రమని కాదు.

'హలాల్' ముద్ర ముఖ్యంగా పదార్థం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తుంది. పంది కొవ్వు, జంతువుల నుంచి తీసిన జెలటిన్, గ్లిజరిన్, ఆల్కహాల్, తయారీలో శుభ్రత దాని పరిధి. పారాబెన్లు కర్మాగారంలో తయారయ్యే రసాయనాలు కాబట్టి హలాల్ ముద్ర ఉన్న క్రీమ్‌లోనూ ఉండవచ్చు.

'పారాబెన్ ఫ్రీ' అంటే పారాబెన్ లేదని మాత్రమే. దాని బదులు ఏం వేశారో చూడాలి. పారాబెన్లకు భయపడి చాలా కంపెనీలు మిథైల్ ఐసోథియాజోలినోన్ అనే పదార్థానికి మారాయి. దాంతో చర్మం ఎలర్జీలు విపరీతంగా పెరిగాయి. అమెరికా చర్మ ఎలర్జీ నిపుణుల సంఘం 2013లో దాన్ని 'ఏడాది ఎలర్జీ కారకం'గా ప్రకటించింది. రాసి వదిలేసే క్రీముల్లో యూరప్ దాన్ని నిషేధించింది. అదే సంఘం 2019లో పారాబెన్లను 'ఏడాది ఎలర్జీ కాని పదార్థం'గా ఎంచింది. ఒక ప్రశ్నకి జవాబు వెతుకుతూ ఇంకో ప్రశ్న మరిచిపోతే ఇలాగే అవుతుంది.

ఇంట్లో ఏం చూడాలి?

పదార్థాల జాబితాలో 'పారాబెన్' అన్న తోక ఉన్న పేర్లు వెతకాలి. 'పారా హైడ్రాక్సీ బెంజోయేట్' అన్నా అదే. మిథైల్, ఇథైల్ బలహీనమైనవి. ప్రొపైల్, బ్యూటైల్ కొంచెం బలమైనవి. పసిపిల్లలకు డైపర్ కట్టే చోట రాసే క్రీముల్లో ఈ రెండూ లేనివి ఎంచుకోవడం మంచిది. చిన్న ప్యాకెట్లు, సాషేల మీద పదార్థాల జాబితా తప్పనిసరి కాదు. అనుమానం ఉంటే పెద్ద సైజు డబ్బా మీద చదవాలి.

కడిగేసే షాంపూ, సబ్బు కంటే ఒంటి మీద వదిలేసే లోషన్ నుంచే ఎక్కువ లోపలికి పోతుంది. తగ్గించాలనుకుంటే అక్కడ మొదలుపెట్టాలి. 2016లో వెలువడిన కాలిఫోర్నియా పరిశోధనలో 100 మంది టీనేజీ అమ్మాయిలు మూడు రోజులు పారాబెన్ లేని సరుకులు వాడారు. మూత్రంలో మిథైల్, ప్రొపైల్ పారాబెన్ల మోతాదు దాదాపు 45 శాతం తగ్గింది. అంటే ఇవి ఒంట్లో పేరుకుపోయి ఉండేవి కావు. వాడకం మారితే మోతాదు త్వరగానే తగ్గుతుంది.

ఇంట్లో చేసుకున్న కలబంద గుజ్జు, గులాబీ నీళ్ల మిశ్రమాలను ప్రిజర్వేటివ్ లేకుండా వారాల పాటు దాచవద్దు. ఏ రోజుకి ఆ రోజు చేసుకుని, మిగిలింది పారేయాలి. డాక్టరు రాసిన సిరప్‌లో పారాబెన్ పేరు కనిపించిందని మందు ఆపేయకూడదు. సందేహం ఉంటే ఆ డాక్టర్‌నే అడగాలి.